ఇంజను ఆపని ముప్పై నాలుగు నిమిషాలు

తాడేపల్లిగూడెంలో, యుద్ధకాలంలో తెల్లవాళ్లు వేసిన రన్‌వే ఒకటి ఉంది. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చేనాటికే, దాని మీద విమానం దిగగా చూశామనేవాళ్లు పండు ముసలివాళ్లు. మాకు తెలిసిన రన్‌వే వేరు. పొద్దున్నే షుగరు తగ్గడానికి నడిచేవాళ్లు, కారు నేర్చుకునేవాళ్లు, కోతలప్పుడు ధాన్యం ఆరబోసుకునేవాళ్లు, సాయంత్రమైతే క్రికెట్టు. నేను స్కూటరు నేర్చుకున్నదీ అక్కడే. గుద్దుకోవడానికి ఏదీ లేని చోటు ఊళ్లో అదొక్కటేనని మా వారు తీసుకెళ్లారు.

అలాంటి చోటి నుంచి విమానం లేపుతానని ఒక ఆసామి బయల్దేరాడు. మండవల్లి అవతల, కొల్లేటి అంచున చేపల చెరువులున్న మనిషి. ఎదురుగా ఉన్నంతసేపూ నేను ఆయన్ని మీరనే అన్నాను, మాటమాటకీ అండీ తగిలించాను. మా వైపు పెంపకం అది. కాగితం మీద అంత మర్యాద అక్కర్లేదనుకుంటున్నాను.

ఆయన రెండు సీట్ల విమానం ఒకటి కొన్నాడు. ఎక్కడో ఉత్తరాదిన విమానం నడపడం నేర్పేవాళ్లు వాడి వాడి అమ్మేసిన పాతది. కాగితాలన్నీ వచ్చాయనే చెప్పాడు. చలికాలంలో పక్షుల్ని చూడటానికి జనం కొల్లేటికి ఎలాగూ వస్తారు కాబట్టి, వాళ్లని ఒక్కొక్కరినే ఎక్కించుకుని సరస్సు మీద ఒక చుట్టు తిప్పి తెస్తాడట. "ఆకాశం నుంచి కొల్లేరు" అని ఏలూరు దాకా ఫ్లెక్సీలు కట్టించాడు. ఆకాశం నుంచి చూస్తే కొల్లేరు ఎక్కడుంది? ఆయనవీ, ఆయనలాంటివాళ్లవీ చెరువు గట్లు కనిపిస్తాయి, గళ్ల లుంగీ పరిచినట్టు. ఫ్లెక్సీలో మాత్రం ఎర్రటి సూర్యుడు, నాలుగు కొంగలు, వాటన్నిటికంటే పెద్దదిగా ఆయన మొహం.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. మా కరస్పాండెంటుగారికి ఈ ఆసామి స్నేహితుడు. ప్రారంభోత్సవానికి మైకు పట్టుకునేవాళ్లు కావాలంటే ఆయన నా పేరు చెప్పారు. స్కూలు వార్షికోత్సవాల్లో మైకు నాదే. గొంతు బాగుంటుందనీ, తెలుగు తడుముకోననీ నాకో పేరు. ఆ పేరు నాకు ఇష్టమేనని ఒప్పుకోవాలి. కాదనకుండా ఒప్పేసుకున్నాను.

పూజ చేయించడానికి మా బావగారిని పిలిచారు. బావగారంటే మా వారి అన్నగారు, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు, పౌరోహిత్యం. అప్పటికి అరవై దాటాయి. ట్రాక్టర్లకీ, లారీలకీ, వరి కోత యంత్రాలకీ, ఆఖరికి బోరు వేసే బండికీ పూజ చేశారు గాని విమానానికి చెయ్యలేదు. విమానం ఎక్కనూ లేదు. రెండ్రోజులు పుస్తకాలు ముందేసుకుని కూర్చుని, గరుత్మంతుడి శ్లోకాలు ఏరి రాసుకున్నారు. ముహూర్తం దగ్గర మాత్రం అడ్డం తిరిగారు.

"ధనుర్మాసం కదండీ. కొత్త పని మొదలుపెట్టే రోజులు కాదు. మాఘం రానివ్వండి, మంచి రోజు నేనే చూసి పెడతాను" అన్నారు ఆసామితో, నా ఎదుటే.

"మాఘంలో ముఖ్య అతిథిగారికి ఖాళీ లేదండి పంతులుగారూ. ఆయన డేటు ఇచ్చేశారు. ఆ రోజులోనే కాస్త మంచి గడియ ఏదో చూసెయ్యండి, మీకు తెలియందేముంది."

బావగారు చూసేశారు. ఉదయం తొమ్మిది దాటాక ఒక గడియ పరవాలేదని రాసిచ్చారు. ఆయనకి ఎవరినీ నొప్పించడం చేతకాదు. చేతకానితనాన్ని మంచితనం అనుకునే మనుషుల్లో ఆయనొకరు. నేనూ అదే బాపతని తరవాత తెలిసింది.

ఆ పొద్దున పొగమంచు ఎంత ఉందంటే స్టేజీ మీద నుంచి విమానం కనపడలేదు. ఎనిమిదికి కాస్త పలచబడింది. అప్పుడు చూశాను దాన్ని. ఇంత చిన్నదా అనిపించింది. రెక్కల మీంచి మంచునీళ్లు చూరు నీళ్లలా కారుతున్నాయి. ముందు చక్రం కింద నిమ్మకాయ, ముక్కు మీద పసుపు, బొట్టు, ప్రొపెల్లరుకి బంతిపూల దండ. దాని పక్కన పైలట్ ఒక పాత తువ్వాలుతో రెక్కలు తుడుచుకుంటున్నాడు. యాభై ఏళ్ల మనిషి. తెలుగువాడే గాని ఉద్యోగమంతా ఎక్కడెక్కడో చేసి, ఇంటి దగ్గరకి వచ్చినట్టుంటుందని ఈ కొలువు ఒప్పుకున్నాడట. పూజ అయ్యాక దండ తనే జాగ్రత్తగా విప్పి, మడిచి, బావగారి పళ్లెంలో పెట్టాడు. ఆ రోజు అక్కడున్న అందరిలో చేస్తున్న పని మీద ధ్యాస ఉన్న మనిషి ఆయనొక్కడే.

ముఖ్య అతిథి తొమ్మిదికి రావాలి. తొమ్మిదీ పదికి "గూడెం పొలిమేరల్లోకి వచ్చేశారంట" అని ఎవరో ఫోను పట్టుకుని అరిచారు. ఆసామి పైలట్ వైపు చెయ్యి ఊపాడు. ఇంజను స్టార్టు చెయ్యమని. కారు దిగేసరికి విమానం గర్జిస్తూ ఉండాలనీ, వీడియోలో ఆ సౌండు పడాలనీ ఆయన కోరిక. నా చేతిలో కార్యక్రమం కాగితం ఉంది. ఏది ఎన్నింటికి మొదలైందో అంచున రాసుకోవడం నాకు పరీక్షల డ్యూటీల వల్ల వచ్చిన అలవాటు. ఇంజను, తొమ్మిదీ పన్నెండు అని రాసుకున్నాను.

పొలిమేరల్లోకి వచ్చినాయన పొలిమేరల్లోనే ఎవరింట్లోనో టిఫిను చేస్తున్నాడు. అది మాకు తరవాత తెలిసింది. ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంది. గర్జించిందీ లేదు. కదలకుండా నిలబెట్టాలి కాబట్టి పైలట్ దాన్ని నెమ్మదిగా తిప్పుతున్నాడు. కుట్టుమిషను లాగా చప్పుడు. నేను స్టేజీ మీద కాలక్షేపానికి కొల్లేటి గురించి, పక్షుల గురించి, ఆసామి దూరదృష్టి గురించి మాట్లాడుతూనే ఉన్నాను.

పావుగంట గడిచాక పైలట్ తలుపు తీసి నావైపు చెయ్యి ఊపాడు. ఆసామి చుట్టూ జనం. మైకు ఉన్నదాన్ని కాబట్టి నేనైతే కనపడ్డాను. మైకు పక్కన పెట్టి వెళ్లాను.

"మేడమ్, ఒక్క మాట వాళ్లకి చెప్పండి. ఆయన వచ్చేదాకా ఇంజను ఆపేస్తాను. ఇంత తేమలో ఇలా నెమ్మదిగా తిప్పుతూ కూర్చుంటే కార్బురేటర్లో ఐసు కడుతుంది. ఎక్కేటప్పుడు పవరు రాదు."

"ఐసా? ఇక్కడా?" అన్నాను. అన్న మరుక్షణమే అర్థమైంది. అర్థం కాకపోతే నేను ఇన్నేళ్లు చెప్పిన పాఠం ఎందుకు? ఆవిరయ్యే ద్రవం చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. కుండలో నీళ్లు చల్లబడేది అందుకే. ఇంజను పీల్చే గాలి ఇరుకు సందులోంచి పోతుంది, అందులో పెట్రోలు ఆవిరవుతుంది, రెండూ కలిసి లోపలి ఉష్ణోగ్రతని సున్నాకి దించేస్తాయి. గాలిలో తేమ అక్కడే గడ్డకట్టి ఆ సందునే మూసేస్తుంది. బయట మనం స్వెట్టరు వేసుకుంటే చాలే చలైనా సరే.

"అవునండి. వేడిగాలి మళ్లించే మీట ఉంది గాని, ఇంతసేపు నిలబెడితే దాన్ని నమ్ముకోకూడదు" అన్నాడాయన.

ఆసామి దగ్గరకి వెళ్లాను. జనాన్ని తప్పించుకుని చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఐసాండీ? టీచరుగారూ, మా ప్యాకింగు షెడ్డులో రోజూ లారీల కొద్దీ ఐసు కొడతామండి. ఐసు గురించి నాకు చెబుతారా? ఆయన ఎప్పుడూ అంతేలెండి, భయస్తుడు. ఇప్పుడాపేసి, అయ్యగారు దిగేసరికి స్టార్టు అవకపోతే నా పరువేం కావాలి? మీరు మాట్లాడుతూ ఉండండి, చాలా బాగా చెబుతున్నారు."

ఆ ఆఖరి ముక్కకి నేను పడిపోయాను. వెనక్కి వచ్చి, పైలట్‌కి చేతులతో వద్దన్నారని సైగ చేసి, మైకు తీసుకుని, "ఈ గంభీరనాదం కొల్లేటి గగనానికి మేలుకొలుపు" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు జరిగిన వెధవ పనులన్నిట్లోకీ నాకు బాగా గుర్తున్నది ఆ చప్పట్లు.

తొమ్మిదీ నలభైకి ముఖ్య అతిథి దిగాడు. రిబ్బను కత్తిరించాడు. విమానంలో కూర్చుని, బెల్టు పెట్టించుకుని, బొటనవేలు పైకి చూపించి ఫొటోలు దిగాడు. మొదటి ప్రయాణం ఆయనదేనని నేను ముందే ప్రకటించి ఉన్నాను. ఆయన దిగిపోయాడు.

"బీపీ ఉందండి, డాక్టరుగారు వద్దన్నారు. ఆసామిగారే ఎక్కాలి, ఇది ఆయన కల" అన్నాడు నా మైకులోనే.

ఆసామి మొహం పాలిపోయింది. అప్పటిదాకా తనూ ఆ విమానం ఎక్కలేదని నాకు అప్పుడు తట్టింది. కొన్నాడు, రంగు వేయించాడు, ఫొటో వేయించాడు గాని ఎక్కలేదు. కాని ఆయన అంత సులభంగా దొరికే మనిషి కాదు.

"పూజ చేసిన పంతులుగారు మొదట ఎక్కితే శుభమండి. ఆయన పాదం పడాలి. రండి పంతులుగారూ!" అన్నాడు.

చప్పట్లు మళ్లీ. బావగారు పట్టుపంచె కుచ్చిళ్లు పట్టుకుని నావైపు చూశారు. భయపడి చూశారనుకున్నాను. కాదు. అరవై ఏళ్లు దాటిన ఆ మొహంలో చిన్నపిల్లాడి సంబరం.

"ఎక్కేదా అమ్మాయ్?" అని అడిగారు.

వద్దనడానికి నాకు ఒక్క మాట చాలు. ఇంజను ముప్పై నిమిషాలుగా తిరుగుతోంది, ఐసు కట్టి ఉంటుంది అని చెబితే చాలు. స్టేజీ నిండా మనుషులు, ఎదురుగా మా కరస్పాండెంటుగారు, చేతిలో మైకు. "మీ ఇష్టం బావగారూ" అన్నాను.

పైలట్ ఆయన్ని కూర్చోబెట్టి బెల్టు రెండుసార్లు లాగి చూశాడు. తరవాత ఆసామిని పిలిచి, ఇంకో రెండు నిమిషాలు కావాలి, ఇంజను గట్టిగా తిప్పి చూసుకుంటానన్నాడు. అప్పటికే ముఖ్య అతిథి కారు తలుపు తీసి పట్టుకుని ఉన్నారు. "అయ్యగారు వెళ్లిపోతున్నారండి, ముందు లేపండి, అవన్నీ తరవాత చూసుకుందురు" అని ఆసామి చెయ్యి విసురుగా ఊపాడు. పైలట్ ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో దిగిపోయి తాళంచెవి ఆయన మొహాన కొట్టి ఉండాల్సింది. కొట్టలేదు. ఆయనకీ ఇల్లు గడవాలి. తొమ్మిదీ నలభై ఆరుకి విమానం కదిలింది.

ముందు బాగానే పరిగెత్తింది. పగుళ్ల మీద ఎగిరెగిరి పడుతూ పలచటి మంచులోకి వెళ్లిపోయింది. లేచింది. జనం అరిచారు. తాడిచెట్టు ఎత్తు లేచాక చప్పుడు మారింది. పెట్రోలు అయిపోయే ఆటో ఎలా దగ్గుతుందో అలా దగ్గింది, తేరుకుంది, మళ్లీ దగ్గింది. ఆ తరవాత చప్పుడే లేదు. స్టేజీ మీద ఎవరో ఇంకా చప్పట్లు కొడుతున్నారు. నేను పరిగెత్తాను.

రన్‌వే చివర ముళ్లకంప, దాని అవతల చేలకి నీళ్లు పారే పంటబోదె, బోదె అవతల రెండో పంట దాళ్వాకి దమ్ము చేసిన చేలు. పైలట్ వెనక్కి తిప్పే ప్రయత్నం చెయ్యలేదు. తిప్పి ఉంటే ఇద్దరూ పోయేవారని తరవాత చెప్పారు. ఎదురుగా ఉన్న బురదచేలో తిన్నగా దించాడు. చక్రాలు మెత్తటి బురదలో దిగబడగానే తోక లేచి, విమానం వెల్లకిలా తిరగబడింది.

నేను బోదె దాటేసరికి అక్కడ నాట్లు వేస్తున్న ఆడవాళ్లు ముందే ఉన్నారు. ఆరేడుగురు. నారుకట్టలు పడేసి మోకాలిలోతు బురదలో పరిగెత్తుకొచ్చారు. ఒకావిడ తలకిందులుగా వేలాడుతున్న బావగారి తల కింద రెండు చేతులూ పెట్టి పట్టుకుని ఉంది.

"పంతులుగారండీ, కదలకండి. తల నా చేతిలో ఉందండి. మా చెల్లి బెల్టు కోసేత్తాదండి. బయపడకండి" అంటోంది.

ఆవిడ చెల్లెలు నడుము దగ్గర కొడవలి తీసి బెల్టు తెగ్గోసింది. బావగారిని నలుగురు మోశారు. ఎడమకాలు మోకాలి కింద వంకరగా వేలాడుతోంది. పైలట్‌కి నుదురు చీలి మొహమంతా నెత్తురు. ఆయన బురదలో చతికిలబడి, "పెద్దాయనెలా ఉన్నారు? పెద్దాయనెలా ఉన్నారు?" అని నన్ను పట్టుకుని అడుగుతున్నాడు. పెట్రోలు వాసన కొడుతోంది. అక్కడ నిలబడొద్దని ఆడవాళ్లని వెనక్కి నెట్టిందీ ఆయనే.

వెనక్కి తిరిగి చూశాను. స్టేజీ మీద పెద్దలు రన్‌వే చివరిదాకా వచ్చారు. బోదె దగ్గర ఆగిపోయారు. తెల్లబట్టలు కదా. బోదె అవతల నిలబడి ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. ముఖ్య అతిథి కారు అప్పటికే లేదు. ఆయన అసలు రానే లేదన్నట్టు సాయంత్రానికి ఆయన పేరున్న ఫ్లెక్సీలు కూడా పీకేశారు.

బావగారిని ఏలూరు తీసుకెళ్లి ఆపరేషను చేయించాం, కాల్లో రాడ్డు వేశారు. నాలుగో రోజున ఆసామి ఆస్పత్రికి వచ్చాడు. బుట్టెడు పళ్లు, వెంట నలుగురు మనుషులు, ఒక ఫొటోగ్రాఫరు. మంచం పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాక కుర్చీ లాక్కున్నాడు.

"దేవుడి దయండి, ప్రాణం దక్కింది. జనం ఏవేవో అనుకుంటున్నారండి పంతులుగారూ. ధనుర్మాసంలో ముహూర్తం పెట్టడమేంటి అంటున్నారు. నేనైతే మిమ్మల్ని ఏమీ అనటం లేదు."

బావగారు కళ్లు దించుకున్నారు. ఆ కళ్లు దించుకోవడం చూసి నాకు ఒళ్లు మండింది.

"ఆయన వద్దన్నారండి. నేను అక్కడే ఉన్నాను. మాఘం దాకా ఆగమన్నారు" అన్నాను.

"పోనీలెండి టీచరుగారూ, ఇప్పుడవన్నీ ఎందుకు. తప్పంతా ఆ పైలట్‌దండి. చేతకాని మనిషి. కేసు కూడా పెట్టమన్నాను."

"ఇంజను ఆపుతానంటే మీరే వద్దన్నారు. ఐసు కడుతుందని చెప్పి పంపింది ఆయన. చెప్పింది నేను."

ఆయన వెంట వచ్చినవాళ్ల వైపు తిరిగి నవ్వాడు. "మళ్లీ ఐసేనండి! తాడేపల్లిగూడెంలో ఐసు కట్టిందంటండి ఇంజన్లో!" వాళ్లూ నవ్వారు. ఫొటోగ్రాఫరు కూడా నవ్వాడు. చేపల మధ్య పుట్టి, ఐసు మధ్య పెరిగి, ఐసు ఎలా తయారవుతుందో ఒక్కరోజు కూడా ఆలోచించని మనుషులు.

మర్నాడు మా కరస్పాండెంటుగారు నన్ను గదిలోకి పిలిచారు. "మీరు బాధలో ఉన్నారు, నాకర్థమవుతుందండి. కాని స్కూలు పేరు మధ్యలోకి రాకుండా చూడండి. విచారణకి ఎవరో వస్తున్నారట. అడిగితే, మైకు దగ్గర ఉన్నాను, ఏమీ గమనించలేదని చెప్పేస్తే మీకూ గొడవుండదు" అన్నారు. సరేనండీ అన్నాను. గొంతు బాగుంటుందని పేరున్న మనిషి నోట్లోంచి అంతకంటే ఏం వస్తుంది?

విచారణకి ఇద్దరు వచ్చారు. ఏలూరులో గెస్టుహౌసులో దిగి, ఆసామి పంపిన మనుషుల్ని ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతున్నారని తెలిసింది. ఎదురుగాలి లేదన్నారొకరు, కొంగ తగిలిందన్నారొకరు. పైలట్ మద్యం వాసన కొట్టాడని ఒక మహానుభావుడు సాక్ష్యం చెప్పాడట. ఆ మాట మా వారు ఆఫీసులో విని వచ్చి చెప్పారు. ఆ పొద్దున పైలట్‌కి అడుగు దూరంలో నిలబడ్డాను నేను. తడి తువ్వాలు వాసన తప్ప ఇంకేమీ లేదు.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి ఏలూరు బస్సెక్కాను. కార్యక్రమం కాగితం హ్యాండుబ్యాగులో ఉంది. దారి పొడుగునా వెనక్కి వెళ్లిపోదామా అనుకుంటూనే ఉన్నాను. కైకరం దగ్గర బస్సు ఆగినప్పుడు లేచి నిలబడ్డాను కూడా. కండక్టరు "ఏలూరు కదండీ టికెట్టు?" అనడంతో కూర్చున్నాను. ధైర్యం అని దాన్ని అనుకోను.

విచారణాధికారుల్లో పెద్దాయన జుట్టు తెల్లబడ్డ మనిషి. నేను చెప్పిందంతా రాసుకున్నాడు. కాగితం అంచున నా రాతని వేలితో చదివాడు. పన్నెండు నుంచి నలభై ఆరు.

"ముప్పై నాలుగు నిమిషాలు" అన్నాడు. "మధ్యలో ఎక్కడైనా ఆపారా?"

"ఆపలేదండి. ఆపుతానన్నారు. నేనే వెళ్లి అడిగి వచ్చాను."

"మంచు దేశాల్లో చలికాలం అంటే రెక్కల మీద మంచు, రన్‌వే మీద మంచు. అందరికీ కనిపిస్తుంది కాబట్టి భయపడతారు. మన దగ్గర మంచు ఇంజను లోపల కడుతుంది. మేము వచ్చేసరికి కరిగిపోతుంది. నీళ్ల చుక్క కూడా మిగలదు. చలికాలం పొద్దున్న లేవబోయి పడిపోయిన ఇలాంటి చిన్న విమానాలు నేను చాలా చూశాను. ప్రతిచోటా అడిగేది ఒకటే, ఎంతసేపు నిలబెట్టారు అని. ఎవరూ చెప్పరు."

తరవాత ఆయన ఒక ప్రశ్న వేశాడు. "మీకు ఈ విషయం అర్థమైందంటున్నారు. మరి మీ బావగారు ఎక్కుతుంటే?"

"ఆపలేదండి" అన్నాను. అది కూడా రాసుకున్నాడు. తలెత్తి చూడలేదు. చూడకపోవడం దయ అని బస్సులో తిరిగి వస్తుంటే అనిపించింది.

నివేదిక వచ్చేసరికి నాట్లు వేసిన ఆ చేలు కోతకి వచ్చాయి. కార్బురేటర్లో మంచు కట్టడం, ఎక్కువసేపు నిలబెట్టి తిప్పడం, బయల్దేరే ముందు ఇంజను సరిచూసుకోకపోవడం అని కారణాలు. మద్యం మాట ఎక్కడా లేదు. ముహూర్తం మాట ఉండదు కదా. సరిచూసుకోని తప్పుకి పైలట్ లైసెన్సు కొన్ని నెలలు ఆపారు. చెయ్యి ఊపి తొందరపెట్టిన మనిషికి లైసెన్సంటూ ఏదీ లేదు కాబట్టి ఆపడానికీ ఏమీ లేదు. ఆయన ఆ విమానాన్ని బురదలోంచి క్రేనుతో తీయించి, కడిగించి, తన ప్యాకింగు షెడ్డు ముందు స్తంభం మీద నిలబెట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి సెల్ఫీలు తీసుకుంటున్నారు.

పైలట్ ఒకసారి ఫోను చేశాడు. నేను క్షమాపణ చెప్పబోయాను.

"మీరు వెళ్లి చెప్పారు మేడమ్. నేను దిగిపోయి ఉండాల్సింది. పాతికేళ్లు పిల్లలకి నేర్పాను, అనుమానం ఉంటే దిగిపోండని. నేను దిగలేదు" అన్నాడు. "పెద్దాయన నడుస్తున్నారా?"

నడుస్తున్నారు, చేతికర్రతో అని చెప్పాను. నాట్లు వేసిన ఆడవాళ్లు ఇద్దరు ఆస్పత్రికి వచ్చి చూసి వెళ్లారనీ చెప్పాను. అది విని చాలా సంతోషించాడు. వాళ్ల ఊరు ఏదో అడిగి రాసుకున్నాడు.

స్కూల్లో నా ఉద్యోగం ఉంది, మైకు పోయింది. ఈసారి వార్షికోత్సవానికి ఇంగ్లీషు టీచరుని పిలిచారు. ఆవిడ నాకంటే బాగా చెప్పింది.

బావగారికి ఆ విమానం మీద కోపం లేదు. ఎవరైనా అడిగితే, పైకి లేచిన ఆ కొద్ది క్షణాల గురించే చెబుతారు. మంచు మీద ఎండ పడి అంతా పాలసముద్రంలా ఉందట. తాటితలలు మాత్రం పైకి తేలి కనిపించాయట. కొల్లేరు కనిపించిందా అంటే కనిపించే ఉంటుంది అంటారు. అక్కడి నుంచి కొల్లేరు ఎంత దూరమో ఆయనకీ తెలుసు.

మొన్న కార్తీకంలో ఒక పొద్దున వాళ్లింటికి వెళితే ఆయన లేరు. మా తోటికోడలు గుమ్మంలో కూరగాయలు తరుగుతోంది. "కారు పంపించారు, ముదినేపల్లి వెళ్లారు. చేపల మేత ఫ్యాక్టరీకి శంకుస్థాపనట" అంది. ఎవరిదని అడగలేదు. ఆవిడా నా మొహం చూడలేదు.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. బావగారు ముందు కర్ర దింపి, తరవాత కాలు దింపారు. భుజం మీద కొత్త కండువా.

"వెళ్లారా బావగారూ? ఆ మనిషి పిలిస్తే?"

"పిలిచారు కదమ్మా" అన్నారు, చెప్పులు విప్పుకుంటూ. "మర్యాదగా కారు పంపించారు. ఎలా కాదంటాం?"

నాలుగు రోజులు ఆ ఇంటి గడప తొక్కలేదు. ఐదో రోజున ఫిజియోథెరపీకి తీసుకెళ్లేవాళ్లు లేరని మా తోటికోడలు ఫోను చేస్తే, స్కూటరు తీసుకుని వెళ్లాను. ఆయన వెనకాల కూర్చుని, కర్ర అడ్డంగా ఒళ్లో పెట్టుకుని, దారంతా ముదినేపల్లిలో పెట్టిన భోజనం గురించి చెప్పారు. పూర్ణాలు చాలా బాగున్నాయట.

"అవునా అండీ" అన్నాను.